కేకు ముక్కంత కరుణ

మధ్యతరగతి తెలుగు కుటుంబానికి ఈమధ్య ఒక కొత్త పండుగ దొరికింది. పిల్లాడి పుట్టినరోజు ఆదివారం పడితే సరే, పడకపోతే దాన్ని ఆదివారానికి జరిపి మరీ, అమ్మా నాన్నా నాయనమ్మా అందరూ కారెక్కి ఊరి చివర ఉన్న అనాథాశ్రమానికి బయల్దేరతారు. డిక్కీలో రెండు కిలోల కేకు, బిర్యానీ గిన్నెలు, ఇంట్లో పొట్టివైపోయిన బట్టల మూట, హోల్‌సేల్‌లో కొన్న జామెట్రీ బాక్సులు ఉంటాయి. అక్కడి పిల్లల్ని ఎత్తు ప్రకారం నిలబెడతారు. పొట్టివాళ్ళు ముందుండాలి, లేకపోతే ఫోటోలో పడరు. అప్పుడే మొహం చూసిన బాబుకు వాళ్ళంతా ఒక్క గొంతుతో హ్యాపీ బర్త్‌డే పాడతారు. పాడాకే కేకు, కేకు తరువాతే బిర్యానీ. ఆకలికి ఆ క్రమం తెలియదు గానీ అక్కడి పిల్లలకు కంఠతా వచ్చు. గంటంబావులో సేవ ముగుస్తుంది, సాయంత్రానికి స్టేటస్‌లోకి ఎక్కుతుంది. సేవ, సంస్కారం, సండే ఔటింగు మూడూ ఒకే ట్రిప్పులో అయిపోయాయి కనుక పెట్రోలు కూడా కలిసొచ్చినట్టే.

ఈ తంతు ఎవరి కోసమో తేల్చుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు, క్యాలెండరు చూస్తే చాలు. పిల్లలకు ఆకలి రోజూ వేస్తుంది. దాతలకు దయ మాత్రం ఆదివారాల్లో, ఆగస్టు 15న, పెళ్ళిరోజున, తాతగారి ఆబ్దికం నాడు కలుగుతుంది. కొన్ని ఆశ్రమాల గోడ మీద రేట్ల బోర్డు కూడా కనిపిస్తుంది: టిఫినుకు ఇంత, భోజనానికి ఇంత, స్వీటూ అరటిపండూ కలిపితే ఇంత. కరెంటు బిల్లు, అద్దె, రాత్రి జ్వరమొచ్చిన పిల్ల పక్కన కూర్చునే ఆయా జీతం, లెక్కలు చెప్పే మాస్టారి జీతం ఆ బోర్డు మీదకు రావు. వాటిని ఎవరూ స్పాన్సర్ చేయరని నిర్వాహకులకు అనుభవం నేర్పింది. ఆయా జీతం పక్కన నిలబడి ఫోటో దిగడం కష్టం కదా. ఇంకో సంగతి. ఆ పాట పాడే పిల్లల్లో కొందరికి తామెప్పుడు పుట్టారో తెలియదు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షను ప్రకారం బాలల సంక్షేమ సమితి అలాంటి పిల్లను చూసి, వయసు సుమారుగా ఇంత అని రాసుకుంటుంది. సుమారు వయసుతో బతికే పిల్లలు, కచ్చితమైన తేదీల్లో పుట్టినవాళ్ళ కోసం ఏడాది పొడవునా చప్పట్లు కొడుతుంటారు. దీన్ని మనం ఆనందం పంచుకోవడం అంటున్నాం.

చట్టం మాటెలాగూ వచ్చింది కనుక ఫోటోల సంగతి కూడా చూద్దాం. అదే చట్టంలోని 74వ సెక్షను, సంరక్షణ అవసరమైన పిల్లల ఫోటోలు గానీ, వాళ్ళెవరో తెలిసిపోయే వివరాలు గానీ బయటపెట్టకూడదంటుంది. మీరితే ఆరు నెలల వరకు జైలు, లేదా 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అయినా ఆ పిల్లల చేతిలో పేపరు ప్లేటు, వెనక ఆశ్రమం బోర్డు, కింద లొకేషను ట్యాగుతో సహా రీళ్ళు వస్తూనే ఉన్నాయి. మన పిల్లాడి స్కూలు వాళ్ళు అడక్కుండా ఒక ఫోటో ఫేస్‌బుక్‌లో పెడితే పేరెంట్స్ గ్రూపులో పెద్ద రభస చేసే తల్లిదండ్రులే వీళ్ళు. అడగడానికి తల్లిదండ్రులు దగ్గర లేని పిల్లల విషయానికొచ్చేసరికి ఆ ప్రైవసీ కాస్తా ఎగిరిపోతుంది. ఫోటో అంటేనే వద్దన్న దాతలూ ఉండేవాళ్ళు. లంకల గన్నవరంలో వేళాపాళా లేకుండా వచ్చినవాళ్ళందరికీ వండిపెట్టిన డొక్కా సీతమ్మ గారి గురించి గోదావరి జిల్లాల్లో ఒక కథ చెబుతారు. ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక ఉత్సవానికి పిలుపొస్తే ఆవిడ వెళ్ళలేదట, కనీసం ఫోటో అయినా కావాలంటే దానికీ ఒప్పుకోలేదట, చివరికి ఫోటో లేకపోతే తన ఉద్యోగం పోతుందని అధికారి బతిమాలితే దిగిందట. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికి ఆవిడ పేరే పెట్టారు. ఆవిడ అన్నం ఎవరెవరు తిన్నారో ఒక్కరి ఫోటో కూడా మన దగ్గర లేదు. పాపం, ఆ కాలంలో సేవకు సాక్ష్యం ఎలా చూపించుకునేవాళ్ళో!

సరే, ఆ పిల్లలు ఎవరు? దాతల ఊహలో అందరూ ఎవరూ లేనివాళ్ళే. లెక్కలు అలా చెప్పడం లేదు. దేశంలోని బాలల సంరక్షణ సంస్థల మీద కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ చేయించిన సర్వే నివేదిక 2018లో వచ్చింది. అది 9,589 సంస్థల్లో 3.7 లక్షల మంది పిల్లల్ని లెక్కపెట్టింది. వాళ్ళలో తల్లీ తండ్రీ ఇద్దరూ పోయిన పిల్లల కంటే, ఇద్దరిలో ఒకరున్న పిల్లలు చాలా ఎక్కువ. అంటే భర్త పోయి కూలికి వెళ్ళే తల్లి, తాగుబోతు తండ్రి, వలసపోయిన ఇల్లు, అప్పు, జబ్బు. అక్కడ తెగిపోయింది బంధుత్వం కాదు, నెల గడవడం. 2020లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషను, రెండు తెలుగు రాష్ట్రాలతో సహా ఎనిమిది రాష్ట్రాలకు లేఖ రాసి, కుటుంబాలున్న పిల్లల్ని ఇళ్ళకు చేర్చమంది. చదువూ తిండీ సంగతి చూడకుండా తొందరపడి పంపేయడం తప్పని విమర్శలు వచ్చాయి, అవి న్యాయమైనవే. అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు, కరోనా వల్ల ఇళ్ళకు పంపిన పిల్లల చదువుకు నెలకు 2,000 రూపాయలు ఇవ్వమని ఆదేశించింది. ఆ అంకె దగ్గర కాస్త ఆగాలి. కొడుకు పుట్టినరోజు బిర్యానీకి ఒక కుటుంబం ఒక్క పూటలో పెట్టే ఖర్చుతో ఒక తల్లి తన బిడ్డను కొన్ని నెలలు తన దగ్గరే ఉంచుకోగలదు. కాకపోతే ఆ తల్లి ఇంటికెళ్ళి కేకు కోయడానికి చోటుండదు.

ఇక ఆ ప్రసిద్ధమైన కౌగిలింత. "మేం వెళ్ళగానే పిల్లలు అక్కా అంటూ వచ్చి అల్లుకుపోయారండీ, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి" అని చెప్పని దాత లేడు. నీళ్ళు తిరగాల్సిందే, కారణమే వేరు. రొమేనియా రాజధాని బుకారెస్టులో 2000లో మొదలైన ఒక అధ్యయనంలో, శిశు గృహాల్లోని 136 మంది పసిపిల్లల్లో సగం మందిని లాటరీ పద్ధతిలో పెంపుడు కుటుంబాలకు పంపి, మిగిలినవాళ్ళతో ఏళ్ళ తరబడి పోల్చి చూశారు. కుటుంబాల్లోకి వెళ్ళినవాళ్ళ తెలివితేటలు మెరుగయ్యాయి. రెండేళ్ళలోపు వెళ్ళినవాళ్ళకు మరింత మేలు జరిగింది. సంస్థల్లో పెరిగిన పిల్లల్లో పరిశోధకులు పదే పదే గమనించే లక్షణం ఇంకొకటుంది: ముక్కూమొహం తెలియని మనిషి మీదకు కూడా హద్దు లేని చనువుతో ఎగబాకడం. సొంత ఇంట్లో పెరిగే రెండేళ్ళ పిల్ల కొత్తవాళ్ళను చూస్తే తల్లి చీర వెనక దాక్కుంటుంది. నమ్మదగిన పెద్ద మనిషి ఒకరు నిలకడగా లేని పిల్ల, వచ్చిన ప్రతివాళ్ళనూ పట్టుకు చూస్తుంది. అంటే మనం హృదయం బొమ్మలు తగిలించి స్టేటస్‌లో పెట్టుకున్నది ఒక రోగ లక్షణాన్ని. గంటంబావు తరువాత కారెక్కి వెళ్ళిపోయే ప్రతి కుటుంబమూ ఆ లక్షణాన్ని కాస్త ముదరబెట్టి వెళుతుంది. అనాథాశ్రమాల్లో సందర్శకుల సేవల వల్ల, ముఖ్యంగా పర్యటనల పేరుతో జరిగేవాటి వల్ల, పిల్లలకు కలిగే హానిని అరికట్టాలని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2019లో తీర్మానించింది కూడా. విదేశీ టూరిస్టుల గొడవ మనకెందుకంటారా? పరాయి దేశం నుంచి వచ్చినా పక్క కాలనీ నుంచి వచ్చినా, మళ్ళీ రానివాళ్ళు మళ్ళీ రానివాళ్ళే.

దీనికి జవాబులు సిద్ధంగా ఉంటాయి. మొదటిది, ఒక పూటైనా కడుపునిండా తింటారు కదా అని. తింటారు, నిజమే. తినడానికి ముందు పాట పాడాలని, తిన్నాక థాంక్యూ అంకుల్ అనాలని షరతు దేనికి? ఆ బిర్యానీ డబ్బే నెలనెలా బియ్యం, పాల ఖాతాకు పంపినా కడుపు నిండుతుంది, గడప తొక్కనక్కర్లేదు. రెండోది, మా పిల్లలకు జాలీ దయా అలవడతాయి అని. ఇదే అసలు గుట్టు, నోరు జారి నిజం చెప్పడం. అవతలి పిల్లలు ఇక్కడ మన పిల్లాడి పాఠానికి బోధనోపకరణాలు. ఆ పాఠమైనా సరైనదా? పదేళ్ళ కుర్రాడు అక్కడ నేర్చుకునేది, లోకంలో ఇచ్చే చేతులు, పుచ్చుకునే చేతులు అని రెండు రకాలున్నాయనీ, తనవి మొదటి రకమనీ. సమానులతో ఆడుకున్నట్టు వాళ్ళతో ఆడుకోడు. వాళ్ళలో ఒకణ్ణి తన ఇంటికి పిలవడు, పిలుద్దామంటే నాయనమ్మే ఒప్పుకోదు. దయ అలవడుతుందో లేదో గానీ దర్పం మాత్రం చిన్నప్పుడే పట్టుబడుతుంది.

మూడో జవాబును అంత తేలిగ్గా తోసేయలేం. ఇలా ఎగతాళి చేస్తే వచ్చే నాలుగు డబ్బులూ ఆగిపోతాయి, నిజంగా ఎవరూ లేని పిల్లల గతేమిటి, మంచి ఆశ్రమాలు లేవా అంటారు. ఉన్నాయి. అప్పులు చేసి పిల్లల్ని చదివించి, ఉద్యోగం వచ్చేదాకా విడవని నిర్వాహకులు ఉన్నారు. వేరే దారి లేని పిల్లలకు ఆ చోటు కావాలి. చట్టం కూడా ఆశ్రమాన్ని చిట్టచివరి మార్గంగా ఉంచింది, తీసేయలేదు. అందుకే మంచి ఆశ్రమానికీ, పిల్లల్ని చూపించి చందాలు దండుకునే దుకాణానికీ తేడా తెలుసుకునే పూచీ దాతది. 41వ సెక్షను కింద రిజిస్ట్రేషను లేకుండా ఇలాంటి సంస్థ నడపడం నేరం. 2017 చివరికల్లా అన్నిటినీ రిజిస్టరు చేయాలని సుప్రీంకోర్టు గడువు కూడా పెట్టింది. ఆ కాగితం చూపించమని అడిగే దాతలు ఎందరు? కేకు ఎగ్‌లెస్సేనా అని బేకరీలో రెండుసార్లు అడుగుతారు. డబ్బుకు 80జీ రసీదు ఉందా అనీ అడుగుతారు. పిల్లలు చట్టప్రకారం అక్కడున్నారా అన్న ప్రశ్న మాత్రం మర్యాద కాదనుకుంటారు. ఆదివారం సందడికి ఎంత ఎక్కువమంది పిల్లలు కనిపిస్తే అంత చందా వచ్చేటప్పుడు, ఏ నిర్వాహకుడికి పిల్లల్ని ఇంటికి చేర్చాలనిపిస్తుంది?

వీటన్నిటినీ మించిన వింత దూరానిది. ఆ కుటుంబం ఊరి చివరకు వెళ్ళడానికి కారు తీసింది సెల్లార్లోంచి. ఆ సెల్లార్లో, జనరేటరు పక్క గదిలో, వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది. ఆ గదిలో స్కూలు యూనిఫారం వేసుకున్న ఒక పిల్ల ఉంటుంది. ఆ పిల్ల తల్లే పైన మూడు ఫ్లాట్లలో అంట్లు తోముతుంది. ఆ పిల్లకు లెక్కలు రావు, చెప్పేవాళ్ళు లేరు. పైన అయిదో అంతస్తులో ఒక ఇంజనీరు, నాలుగో అంతస్తులో రిటైరైన టీచరు ఉన్నారు. పాప పార్కులోని ఉయ్యాల ఎక్కితే మాత్రం అసోసియేషన్ గ్రూపులో మెసేజీ వస్తుంది. విద్యా హక్కు చట్టం 12వ సెక్షను ప్రైవేటు బడుల్లో ఒకటో తరగతి సీట్లలో 25 శాతం బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వమంది. ఆ పాప తమ బాబు పక్క బెంచీలో కూర్చుంటుందంటే ఇదే దాతలు ఫీజు కట్టేది ఇందుకేనా అని నిలదీస్తారు. సెల్లారు పిల్లకు సాయం చేస్తే చిక్కు ఉంది: ఆమె రేపు కూడా కనిపిస్తుంది. ఫెయిలైతే మనకు తెలుస్తుంది, పదో తరగతి తరువాత ఏమిటని అడుగుతుంది, వాళ్ళమ్మకు ఇచ్చే జీతం సరిపోతోందా అన్న ప్రశ్న మెట్లెక్కి మన గుమ్మం దాకా వస్తుంది. ఆశ్రమం పిల్లలతో ఆ బెడద లేదు. వాళ్ళ గేటు వాళ్ళకుంది. సరుకు తెచ్చివ్వడం వరకే డెలివరీ బాయ్ బాధ్యత అన్నట్టుగా మన కరుణ గేటు దగ్గరే ముగుస్తుంది.

కుటుంబమంతా కలిసి పిల్లల కోసం ఏదైనా చేయాలన్న కోరిక తప్పని ఎవరూ అనరు. చేయాలనుకునేవాళ్ళకు దారులున్నాయి, అవి బొత్తిగా ఫోటోజెనిక్ కావు. మిషన్ వాత్సల్య కింద, పేదరికం వల్ల ఇల్లు విడవాల్సిన స్థితిలో ఉన్న పిల్లలకు వాళ్ళ ఇంట్లోనే ఉండి చదువుకునేలా నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. ప్రభుత్వ సొమ్ము అందరికీ చాలదు కనుక వ్యక్తులు కూడా ఒక పిల్లకు స్పాన్సర్‌గా ఉండే వీలుంది. పిల్లను ఇంట్లో పెట్టుకుని పెంచగలిగే ధైర్యముంటే ఫాస్టర్ కేర్ ఉంది. 2024 మార్గదర్శకాల తరువాత ఒంటరి వ్యక్తులకు కూడా అందులో అవకాశం వచ్చింది. అంత వద్దనుకుంటే సెల్లార్లోని పాపకు వారానికి నాలుగు సాయంత్రాలు, పదో తరగతి అయ్యేదాకా, లెక్కలు చెప్పవచ్చు. మన బాబును కూడా ఆ పక్కనే కూర్చోబెడితే, వాడికంటే ఆ పాప ముందు లెక్క చేసేసిన రోజున వాడు నేర్చుకోవాల్సిన పాఠమేదో వాడికే తెలుస్తుంది. స్పాన్సర్‌షిప్‌కూ ఫాస్టర్ కేర్‌కూ వెళ్ళాల్సింది జిల్లా బాలల సంరక్షణ విభాగానికి. ప్రతి జిల్లాకూ ఒకటి ఉంటుంది. వివరాలు అడుగుతారు, దరఖాస్తు నింపమంటారు, మళ్ళీ రమ్మంటారు. ఆదివారం మాత్రం ఆ ఆఫీసుకు సెలవు.