చప్పట్లు ముందు, కచేరీ తర్వాత

ప్రత్తిపాడులో సంగీత రసికులకు కొదవ లేదు. తెల్లారేసరికి వాట్సాప్‌లో షేక్ చినమౌలానా నాదస్వరం దిగుతుంది. రెండు గంటల కచేరీ. పంపిన పదో సెకనుకే 'అద్భుతం', 'అమోఘం', దండాల బొమ్మలు! ఆలాపన ఇంకా డౌన్‌లోడే కాలేదు మహాప్రభో.

క్యాసెట్ల కాలంలో ఇంకో తంతు. బాలమురళి క్యాసెట్ అడిగితే బీరువా తాళం కనపడేది కాదు. బతిమాలగా బతిమాలగా కాపీకి కాపీ ఇచ్చేవారు. అందులో తంబురా కన్నా టేపు గరగరే ఎక్కువ. అయినా అరిగేదాకా విన్నారు జనం. ఇప్పుడు ఫోన్లో కచేరీలు మిర్చి యార్డులో టిక్కీల్లా పేరుకున్నాయి. "ఏ రాగం బాబాయ్?" అంటే "ముందు ఫార్వర్డ్ కొట్టరా, రాగం సంగతి తర్వాత" అంటాడు.

చినమౌలానాది ఎక్కడో కాదు, ఒంగోలు పక్కన కరవది. శ్రీరంగంలో స్థిరపడి, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి అయ్యారు. ఆ నాదాన్ని గ్రూపులో నెత్తిన పెట్టుకునే బాబాయే మొన్న కూతురి పెళ్లికి డీజే మాట్లాడాడు. తాళి కట్టే వేళకి సన్నాయి ఉండాలిగా? ఉంది, పెన్‌డ్రైవ్‌లో. ఊళ్లో మేళం వాళ్లకి శుభలేఖ మాత్రం అందింది.