వాక్యూం సరే, పింగాణీ సంగతేంటి?

మా రోజుల్లో సబ్‌స్టేషన్లో బ్రేకరంటే నూనె తొట్టే. ఓసీబీ అనేవాళ్లం. ఫీడరు ఫాల్టుకు ట్రిప్పయితే లోపల కాంటాక్టుల మధ్య మెరుపు లేచేది. ఆ వేడికి నూనె విరిగి హైడ్రోజన్ పుట్టేది, ఆ వాయువే మెరుపును చల్లార్చేది. కాని ప్రతి ట్రిప్పుకూ నూనెలో మసి చేరేది. అందుకని పెద్ద ఫాల్టులు నాలుగు పడ్డాయంటే తొట్టి దించి చూడాల్సిందే. నూనె శాంపిల్ పట్టి, 2.5 మిల్లీమీటర్ల ఎడంలో ఎన్ని కేవీల దాకా తట్టుకుంటుందో పరీక్ష పెట్టేవాళ్లం. ఫిల్టర్ చేసిన కొత్త నూనె 60 దాకా ఆగాలి. చేతికి జిడ్డు, ఒంటికి వాసన, పైగా నిప్పు భయం. అయినా ఇన్సులేషన్ ఎలా ఉందో మా కంటికి తెలిసేది.

ఇప్పుడంతా వాక్యూం బ్రేకర్లు, అంటే వీసీబీలు. వాటిని నేను తప్పుపట్టను. వాక్యూంలో 11 కేవీకి సెంటీమీటరు ఎడం చాలు. మన కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది. అలా వచ్చినప్పుడు మెరుపు ఆరిపోతుంది, మళ్లీ అంటుకోడానికి అక్కడ గాలీ లేదు, నూనే లేదు. వేలసార్లు తెరిచి మూసినా పనిచేస్తుంది. నా గొడవల్లా "వీసీబీ పెట్టాం, ఇక మెయింటెనెన్స్ ఏముంది?" అనే మాటతోనే. వాక్యూం ఉన్నది సీసా లోపల. బయట ఉన్నది పింగాణీ, ఎపాక్సీ, మన డెల్టా గాలి.

ఆ గాలి నందివెలుగులో ఒకటి, రేపల్లె దాటి నిజాంపట్నం వైపు వెళితే ఇంకొకటి. అక్కడ ఉప్పు, ఇక్కడ కోతల తర్వాత దుమ్ము, గడ్డి తగలబెట్టిన మసి. పుష్యమాసపు మంచు ఆ పొర మీద పడిందంటే తెల్లవారుజామున బుషింగులు చిటచిటమంటాయి. పింగాణీ మడతల మీదుగా కరెంటు పాకాల్సిన దారిని క్రీపేజీ అంటాం. 33 కేవీ పరికరానికి గరిష్ఠం 36 కేవీ అని లెక్కేస్తారు. కేవీకి 25 మిల్లీమీటర్ల చొప్పున ఆ దారి 900, ఉప్పు గాలికి కావాల్సిన 31 చొప్పునైతే 1116. అడవిలో సబ్‌స్టేషనుకూ, సముద్రపొడ్డున సబ్‌స్టేషనుకూ ఒకే స్పెసిఫికేషన్ రాసి, తక్కువ ధరవాడికి ఆర్డరిచ్చిన కాగితాలు నేను చూశాను. ఇన్సులేషన్ ఎంచుకోవడమంటే అది కాదు.

ఎస్ఎఫ్6 గ్యాస్ పెట్టమనేవాళ్లూ ఉన్నారు. గాలికి మూడు రెట్ల దాకా తట్టుకునే మంచి గ్యాసే, 132 కేవీ పైన దాని అవసరం ఉంది. కాని అది లీకైతే భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు కన్నా 23,000 రెట్లకు పైగా చెరుపు చేస్తుంది. 24 కేవీ దాకా కొత్త పరికరాల్లో వాడకూడదని యూరప్ 2026 జనవరి 1 నుంచి నిషేధించింది. వాక్యూం చక్కగా పనిచేసే 11, 33 కేవీల్లో మనకెందుకది?

సీసాలో వాక్యూం పోతే కంటికి కనపడదు. కాంటాక్టులు తెరిచి హైవోల్టేజి టెస్టు చేస్తేనే తెలుస్తుంది. ఇండోర్ ప్యానెల్లో తేమ పట్టకుండా కాపాడేది చిన్న హీటరు. డ్యూటీలో ఉన్న తమ్ముళ్లూ, ఆ హీటరు వెచ్చగా ఉందో లేదో ఈ వానాకాలం రాకముందే చెయ్యి పెట్టి చూడండి. బుషింగులు తుడిచేందుకు ఎల్‌సీ (లైన్ క్లియర్) అడగడానికి మొహమాటపడకండి.