బోరునీటి తేటగీతికి టీకా తాత్పర్యం

మూలం

నిండ దొకనాఁడు, నిండిన నిలువ దెపుడు
నొక్కినను జాఱ దొకచుక్క నోటినుండి
సున్నమునఁ జిక్కు వాల్వుకు సుంతయైన
బోరు నీటను గలదె యేపూఁట శాంతి?

అవతారిక

మంజీరా నీరో, కృష్ణా గోదావరుల నీరో గొట్టాల వెంట నడిచి వచ్చే వీధుల్లో పుట్టదగిన పద్యం కాదిది. ఆ గొట్టాలు ఇంకా చేరని హైదరాబాదు శివారు కాలనీల్లోనూ, కాళ్ళకింది బండే సున్నపురాయి అయిన పల్నాడు పల్లెల్లోనూ, బోరు మోటారు వేసి పైట్యాంకు నింపుకొని రోజు గడుపుకొనే ఇళ్ళలో మరుగుదొడ్డి గోడకు తగిలించిన ఫ్లష్ ట్యాంకును ఉద్దేశించి చెప్పినదని సందర్భాన్ని బట్టి తెలుస్తున్నది. మూలంలో ఎక్కడా ట్యాంకు పేరు లేదు. ఇక్కడ కర్త అధ్యాహార్యం, అనగా వాక్యంలో చెప్పకపోయినా చదువరి తెచ్చి చేర్చుకోవలసిన పదం. పొద్దున్నే ఇంట్లో ఒకరు "ఇవాళ కూడా నిండలేదు" అంటే ఏది నిండలేదని మిగిలినవారెవరూ అడగరు కనుక, కవి ఆ పేరును విడిచిపెట్టడం ఔచిత్యమే.

ప్రతిపదార్థం

ఒకనాఁడు = ఒక దినమున; నిండదు = (ట్యాంకు) నిండదు; నిండిన = ఒకవేళ నిండినచో; ఎపుడు = ఎన్నటికిని; నిలువదు = (నీటి ధార) ఆగదు; నొక్కినను = బొటనవ్రేలు నొప్పి పుట్టునట్లు మీట నొక్కినను; నోటినుండి = నీరు వెడలవలసిన ద్వారమునుండి; ఒక చుక్క = ఒక్క బొట్టైనను; జాఱదు = దిగదు; సున్నమునన్ = నీటిలోని సున్నపు గారయందు; చిక్కు = చిక్కుకొనిన; వాల్వుకు = నీటిని విడుచుటకును బిగించుటకును అమర్చిన మూతకు; బోరు నీటను = గొట్టపుబావి నీటియందు; ఏ పూఁట = ఏ వేళనైనను; సుంతయైన = రవ్వంతయైనను; శాంతి = నెమ్మది; కలదె = ఉన్నదా? (లేదని భావము.)

తాత్పర్యం

ఫ్లష్ ట్యాంకు ఒకరోజు నిండదు. నిండిన రోజున నీరు ఆగక కారుతూనే ఉంటుంది. ఎంత నొక్కినా కమోడులోకి నీరు దిగదు. బోరు నీటి సున్నం పట్టిన వాల్వుకు ఏ పూటా నెమ్మది లేదు.

వ్యాఖ్య

అన్వయక్రమంలో మూడో పాదం ముందు రావాలి, ఎందుకంటే మొదటి రెండు పాదాల్లో చెప్పినవి లక్షణాలు, మూడో పాదంలో చెప్పినది నిదానం, అనగా రోగానికి మూలకారణం. వాన నీరు నేలలోకి ఇంకేటప్పుడు మట్టిలోని వేళ్ళూ సూక్ష్మజీవులూ విడిచే బొగ్గుపులుసు వాయువును కలుపుకొని పలుచని ఆమ్లమై, ఆ ఆమ్లంతో పల్నాడులో సున్నపురాయిని నేరుగా కరిగిస్తుంది. తెలంగాణ నల్లరాతి నేలల్లో అదే పనిని నెమ్మదిగా, రాతిలోని ఖనిజాల మీదా మట్టిలోని సున్నపు గడ్డల మీదా సాగిస్తుంది. ఇలా కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాలున్న నీటిని పాఠ్యపుస్తకాలు కఠినజలం అంటాయి. ఇళ్ళలో దాని పేరు ఉప్పు నీళ్ళు. నాలుకకు ఉప్పు తగలకపోయినా, ఆ నీళ్ళతో కందిపప్పు ఉడికించి, సబ్బుతో బట్టలు ఉతికి చూసినవారు ఆ పేరును తప్పుపట్టరు. నేల లోతున ఒత్తిడిలో ఉన్నంతసేపూ సున్నం నీటిలో కరిగే ఉంటుంది. మోటారు దానిని పైకి లాగి తెరపి ట్యాంకులో పోయగానే వాయువు ఎగిరిపోతుంది, తడి అంచులు ఆరిపోతాయి, కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేటు కరగని కాల్షియం కార్బనేటుగా మారి తగిలిన చోటల్లా అంటుకుంటుంది. పిడుగురాళ్ళ బట్టీల్లో కాల్చి సున్నం చేసే రాయిలో ఉన్నది కూడా ఇదే పదార్థం. పంటిమీదిదైనా పంపుమీదిదైనా తెలుగులో దాని పేరు గార.

భారత తాగునీటి ప్రమాణం, ఐఎస్ 10500, 2012 నాటి సవరణ ప్రకారం, లీటరు నీటిలో కాఠిన్యం 200 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యం. వేరే నీరు దొరకని పక్షంలో 600 వరకు సహించవచ్చు. ఈ లెక్క తాగే నోటికి చెప్పినది. ట్యాంకు నోటికి ఇంత అని ఎవరూ హద్దు పెట్టలేదు, పైగా వంటింటి ఆర్వో యంత్రం వదిలేసే నీటిని పొదుపు పేరుతో బకెట్లకు పట్టి మరుగుదొడ్డికి వాడే అలవాటు ఈమధ్య పెరిగింది. ఆర్వో విడిచిన నీరంటే సున్నం చిక్కబడిన నీరే. పొదుపు మంచిదే కాని, ఆ బకెట్టును ట్యాంకులో కాక కమోడులో కుమ్మరించడం వివేకం.

ఇక మొదటి పాదం. నిండదనీ నిండితే ఆగదనీ ఒకే ట్యాంకును గురించి చెప్పడం పైకి విరోధంగా కనిపిస్తుంది కనుక ఇది విరోధాభాసం, అనగా పైకి పొసగనట్లు తోచినా లోతు చూస్తే పొసిగే ఉక్తి. దీనిని పరిహరించాలంటే నీటిని ట్యాంకులోకి విడిచే ఇన్‌లెట్ వాల్వు మూత విప్పి చూడాలి. ఇప్పటి ప్లాస్టిక్ వాల్వుల్లో డయాఫ్రమ్ అనే పలుచని రబ్బరు బిళ్ళ ఉంటుంది. దానికి సూదిమొన పట్టేంత రంధ్రం. ఆ రంధ్రం గుండా కొద్ది నీరు బిళ్ళ వెనుకకు చేరుతుంది. నీటిమీద తేలే బుడ్డి పైకి లేచి వెనుక దారిని మూసినప్పుడు అక్కడ ఒత్తిడి పెరిగి, బిళ్ళను అదిమి, ధారను ఆపుతుంది. గార రేణువు ఆ సూదిరంధ్రంలో చిక్కితే వెనుక ఒత్తిడే పుట్టదు, ధార ఆగదు. అదే రేణువు వెనుక దారిలో చిక్కితే పుట్టిన ఒత్తిడి దిగిపోదు, వాల్వు తెరుచుకోదు, ట్యాంకు నిండదు. ఆవగింజలో సగం లేని సున్నపు పలుకు ఎక్కడ కూర్చున్నదనే దాన్ని బట్టి ఒకనాడు ఒక దోషం, మరునాడు దానికి పూర్తిగా ఎదురు దోషం కలుగుతాయి. "ఒకనాఁడు" అన్న పదం పాదపూరణకు వేసినది కాదని దీనివలన స్పష్టం. నిండకపోవడానికి మరో కారణం వాల్వు మెడలోని చిన్న జాలీ పూడిపోవడం. ట్యాంకుకు నీరు వచ్చే దారిలోని యాంగిల్ కాక్ కట్టి, కనెక్షన్ పైపు విప్పి, జాలీని తీసి పాత టూత్‌బ్రష్‌తో కడిగితే చాలా ఇళ్ళలో మొదటి పాదంలో మొదటి సగం అంతటితో చెల్లిపోతుంది. కట్టబోతే ఆ యాంగిల్ కాక్ కూడా గార పట్టి తిరగకపోవచ్చు. అప్పుడు బలం చూపించి పానాతో మెలిపెట్టడం కంటే పైట్యాంకు వాల్వు కట్టుకోవడం మేలు, లేకపోతే ఊడివచ్చిన కాక్‌తో మరుగుదొడ్డిలో జలాభిషేకం జరుగుతుంది.

"నిలువ దెపుడు" అన్నదానికి వ్యాఖ్య కొంత విస్తరించక తప్పదు. నీరు ట్యాంకును విడిచిపోయే అక్రమ మార్గాలు రెండు. మొదటిది ఓవర్‌ఫ్లో గొట్టం పైనుంచి, అంటే ఇన్‌లెట్ వాల్వు ఆగక నీరు అంచు దాటి పోవడం. రెండవది అడుగు వాషరు కిందుగా, అంటే వాషరు కూర్చునే పీట మీద గార గరుకు కట్టి రబ్బరు ఒత్తుకోక సందు మిగలడం. ఏదో తేల్చుకోవడానికి యాంగిల్ కాక్ కట్టి, లోపలి గోడమీద నీటిమట్టానికి పెన్సిలు గీత గీసి, అరగంట తరువాత చూడాలి. గీత కిందికి నీరు దిగితే దోషం అడుగు వాషరుది. దిగకుండా, కాక్ తెరవగానే మళ్ళీ ఓవర్‌ఫ్లో నోట పారితే దోషం ఇన్‌లెట్‌ది. ఓపిక లేనివారు మిఠాయిల్లో కలిపే రంగు చిటికెడు ట్యాంకులో వేసి, మీట నొక్కకుండా పావుగంట ఆగి, కమోడులో రంగు కనిపిస్తున్నదేమో చూడవచ్చు.

ఈ కారడం చెవికి వినిపించదు, కంటికి కమోడు వెనుక గోడమీద వణికే పలుచని మెరుపుగా మాత్రమే కనిపిస్తుంది కనుక దానిని ఎవరూ పట్టించుకోరు. నిమిషానికి అరగ్లాసు, అంటే 100 మిల్లీలీటర్లు కారిందనుకుంటే రోజుకు 144 లీటర్లు. పూర్తి మురుగుపారుదల ఉన్న పట్టణాల్లో మనిషికి రోజుకు సరఫరా చేయవలసిన నీరు 135 లీటర్లని ప్రభుత్వ ప్రణాళికల్లో లెక్కకట్టే ఆచారం ఉన్నది. ఆ లెక్కన ఈ ఇంట్లో రేషను కార్డులో పేరు లేని ఒక మనిషి అదనంగా కాపురముంటున్నాడు. లీటరుకు 600 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉన్న నీరైతే, నెలకు ఆ వాషరు కిందుగా రెండున్నర కిలోలకు పైగా సున్నం నడిచిపోతుంది. అందులో అంటుకునేది అత్యల్పమే అయినా, పీట మీద గార మందం కావడానికి ఆ అత్యల్పం చాలు. మందమైన కొద్దీ కారడం పెరుగుతుంది, కారిన కొద్దీ గార పెరుగుతుంది. గార వలన కారడమా, కారడం వలన గారయా అని అడిగితే తార్కికులు దీనిని బీజాంకుర న్యాయం అంటారు. విత్తు ముందో మొలక ముందో తేలనట్లే ఇదీ తేలదు. తేలకపోయినా వైద్యానికి లోటు లేదు. కమోడు గోడమీద తెల్లని చార కనిపించినప్పుడు దానిని తోమడం కాదు, ముందు దాని మీదుగా పారే నీటిని ఆపాలి. ఈ వ్యాఖ్యలో చెప్పదలచిన ముఖ్యాంశం ఇదొక్కటే. తక్కినదంతా దీనికి పరివారం.

ఇక్కడ పూర్వపక్షం, అనగా ఖండించడానికి ముందు ఎత్తి చూపే ఎదుటివారి వాదం: "సెట్టు మొత్తం మార్చెయ్యాలండీ, లోపల అంతా పోయింది" అని ప్లంబరు అంటాడు. దీనికి సమాధానం: పోయినది రబ్బరైతే మార్చవలసిందే, ఎందుకంటే గట్టిపడి బీటలు వారిన రబ్బరు ఏ ఆమ్లానికీ మెత్తబడదు. గార మాత్రమే పట్టినదైతే, వాల్వును విప్పి, వాషరును వేరుగా తీసి ఉత్త నీటితో కడిగి, ప్లాస్టిక్ భాగాలను నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీటిలో రెండు మూడు గంటలు నానబెడితే చాలు. నిమ్మ ఉప్పు అంటే కిరాణా కొట్టులో పొట్లంగా దొరికే సిట్రిక్ ఆమ్లం. బుడగలు లేస్తే అది సున్నపు గారే. లేవకుండా ఎర్రగా ఉంటే అది ఇనుము. కడిగిన వాషరు రెండు ముఖాలూ ఒకేలా ఉండే రకమైతే దానిని తిరగేసి వెయ్యడం పాత ప్లంబర్లకు తెలిసిన కిటుకు. కిందిముఖం మీద గాడి పడి ఉంటుంది, పైముఖం ఇంకా నునుపుగా ఉంటుంది కాబట్టి ఇంకొన్నాళ్ళు నడుస్తుంది. ప్లాస్టిక్ నట్టును చేతితో బిగించాలి. పానా పెట్టి బిగిస్తే మర చిట్లి, అప్పుడు ప్లంబరు చెప్పిన మాటే నిజమవుతుంది.

రెండో పాదంలోని "నోరు" విషయంలో అభిప్రాయభేదానికి తావున్నది. ట్యాంకు అడుగు ద్వారమని కొందరనవచ్చు. కమోడు అంచు కింద చుట్టూ ఉండే చిల్లులని కొందరనవచ్చు. ఒక బకెట్టు నీరు కమోడులో ఒక్కసారిగా పోసి చూస్తే వాదం తీరుతుంది. అది శుభ్రంగా దిగిపోతే కింది దారి బాగున్నదనీ, దోషం ట్యాంకుదో చిల్లులదో అనీ అర్థం. అదీ దిగకపోతే వంపు గొట్టంలోనో సెప్టిక్ ట్యాంకులోనో వెతకాలి. నీటిని నిలిపి దుర్వాసనను అడ్డుకొనే ఆ వంపుకు 1775లో అలెగ్జాండర్ కమింగ్ అనే స్కాట్లండు గడియారాల పనివాడు లండనులో పేటెంటు పొందాడు. చిల్లులను నేరుగా చూడడం మెడకు సాధ్యం కాదు కనుక చిన్న అద్దం పట్టి చూడాలి. సున్నం కట్టి సగం మూసుకొన్న చిల్లు తెల్లని కనురెప్ప వాల్చిన కన్నులా ఉంటుంది. వంచిన తీగతో మెల్లగా పొడిచి, నిమ్మ ఉప్పు నీటిని ఓవర్‌ఫ్లో గొట్టం ద్వారా పోసి రాత్రంతా ఉంచితే పట్టు వదులుతుంది. మరిగే నీరు పోయరాదు, పింగాణీ పగలవచ్చు.

"ఒకచుక్క" అన్నది అతిశయోక్తి. చుక్కలు దిగుతూనే ఉంటాయి, పని జరగదు.

పాఠాంతరం

"సున్నమునఁ జిక్కు" అన్నచోట "ఇసుకలోఁ జిక్కు" అని ఒక పాఠం ఊహించవచ్చు. కొత్తగా వేసిన బోరులో మొదటి నెలలు ఇసుక వస్తుంది కనుక అర్థం చెడదు, గణాలూ సరిపోతాయి, కాని "ఇ" కారానికి నాల్గవ గణం మొదటనున్న "సుం" తో యతి కుదరదు. ఇసుక ఉన్న ఇంటివారు జాలీ కడుక్కోవచ్చు, పద్యాన్ని దిద్దరాదు.

దోషప్రకరణం

యాసిడ్ పోస్తే సరి అనేవారి మతం అన్ని వీధుల్లోనూ వ్యాపించి ఉన్నది. కమోడు కడిగే సీసాల్లో ఎక్కువవాటిలో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. అది సున్నాన్ని నిమ్మ ఉప్పుకంటే వేగంగా కరిగిస్తుంది, ఆ మాట నిజం. అయితే సున్నమెక్కడున్నా కరిగిస్తుంది. మరుగుదొడ్డి నేల తాండూరు బండో, బేతంచెర్ల బండో, మాచర్ల నాపరాయో అయితే అవన్నీ జాతికి సున్నపురాళ్ళే కనుక, చింది పడిన చోట నురగ లేచి నునుపు పోయి మచ్చ పడుతుంది, ఆ మచ్చ ఇక తుడిస్తే పోదు. పలకల మధ్య సిమెంటూ, కుళాయిల మెరుగూ కూడా దీన్ని తట్టుకోవు. అన్నిటికంటే పెద్ద ప్రమాదం, బ్లీచింగ్ పౌడర్ చల్లిన చోట యాసిడ్ పోయడం: రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, మూసిన గదిలో అది ఊపిరితిత్తులను కాల్చివేస్తుంది. ఒకటి వాడితే బాగా నీళ్ళు కొట్టి, కిటికీ తెరిచి, ఆ రోజుకు రెండోది ముట్టరాదు.

నాల్గవ పాదంలో "కలదె" అన్నది కాకువు, అనగా ప్రశ్నలా పలికి లేదని చెప్పే స్వరభేదం. కాని శాంతి పూర్తిగా లేదనడం సాధువు కాదు. అపార్టుమెంటు కింద రెజిన్ తొట్టితో మెత్తని నీరు చేసే యంత్రం పెట్టి, రెజిన్‌కు వేళకు ఉప్పునీటి స్నానం చేయిస్తే గార చాలావరకు రాదు. అది కాల్షియాన్ని పట్టుకొని దాని బదులు సోడియాన్ని విడిచిపెట్టే పద్ధతి. అది లేనివారు ఏడాదికి రెండుసార్లు ట్యాంకు మూత తీసి చూసినా చాలు. గోడలో పూడ్చిన ట్యాంకు అయితే మీట పలక ఊడదీసి, ఆ జానెడు సందులో చెయ్యి దూర్చి చెయ్యాలి. అందం కోసం అటువంటిది పెట్టించుకొన్నవారు ఆ పలక ఎలా ఊడుతుందో బిగించేనాడే అడిగి తెలుసుకోవాలి. వాషరు ఖర్చు ఇంటి యజమానిదా, అద్దెకున్నవారిదా అన్న విషయంలో మూలం మౌనంగా ఉన్నది. అద్దె ఒప్పంద పత్రాల్లోనూ దీని ప్రస్తావన సాధారణంగా కనిపించదు.