గొళ్ళెం చీటీ: సటీకా తాత్పర్యం

అవతారిక

అరకులోయలో నేను అద్దెకుంటున్న వాటాకీ పక్కవాటాకీ మధ్య గోడ ఒక్కటే. ఆ పక్క ఉన్నది ఓ కొత్త జంట. పెళ్ళయ్యాక వాళ్ళకిది రెండో చలికాలం. అతనికి తండ్రి పంచి ఇచ్చిన ఎకరన్నర కాఫీ తోట ఉంది. ఆమె టీచరు పోస్టుల డీఎస్సీకి చదువుతోంది. కోతల రోజుల్లో అతను తోట ఉన్న ఊళ్ళోనే రాత్రి ఉండిపోయి పొద్దెక్కాక ఇల్లు చేరతాడు. మాదిరి పరీక్ష ఉన్నరోజు ఆమె మంచు విడవకముందే పాడేరు బస్సెక్కేస్తుంది. అలాంటి రోజున ఇద్దరి మధ్య సంసారమంతా తలుపు గొళ్ళేనికి గుచ్చిన చీటీ మీదుగా నడుస్తుంది.

నేను తెలుగు పంతులుని. రాసిన ముక్క కనపడితే అర్థం చెప్పకుండా ఉండలేను. ఆధారం లేనిదేదీ రాయకూడదన్నది వ్యాఖ్యాత మల్లినాథసూరి పెట్టుకున్న నియమం. నా ఆధారం గొళ్ళెం. ఇద్దరి అనుమతీ తీసుకుని ఈ ‘గొళ్ళెంప్రభ’ వ్యాఖ్య రాస్తున్నాను.

మూలం

అంబలి కుండలో ఉంది. గింజలు రెండుసార్లు తిప్పు. మబ్బేస్తే ఎత్తెయ్. నా పుస్తకం మీద గ్లాసు పెట్టకు. మోరి అటక మీద లేదు.

ప్రతిపదార్థం

అంబలి = చోడిపిండితో రాత్రే కాచి ఉంచిన జావ; కుండలో = స్టీలు గిన్నెలో (కుండ పోయిన సంక్రాంతికి పగిలింది, మాట మిగిలింది); ఉంది = ఇద్దరికీ ఉంది, మొత్తం తాగేయకు; గింజలు = పెరట్లో టార్పాలిన్ మీద ఆరుతున్న కాఫీ; రెండుసార్లు = తక్కువలో తక్కువ; తిప్పు = రెండు చేతులా, ఫోను జేబులో పెట్టి; మబ్బేస్తే = ఆకాశం మసకేస్తే; ఎత్తెయ్ = ఆలోచించకుండా ఎత్తెయ్; నా పుస్తకం = డీఎస్సీ పుస్తకం; గ్లాసు = నీ టీ గ్లాసు; పెట్టకు = మళ్ళీ పెట్టకు; మోరి = థింసా నాట్యంలో డప్పు, తుడుముల మీదుగా పలికే ఊదుడు వాద్యం; అటక మీద లేదు = దీనికి వేరే చర్చ ఉంది.

వ్యాకరణ విశేషాలు

‘తిప్పు’, ‘ఎత్తెయ్’ అనే ఏకవచనం చూసి మా పల్లపు పండితులు ‘తిప్పండి’ అని దిద్దబోతారు. దిద్దకూడదు. ఇద్దరూ ఇంటర్ ఒకే కాలేజీలో చదివారు. ఈ ఇంట ‘అండి’ వినపడిందంటే ఆ పూట పొయ్యి వెలగదని గోడకి ఇవతలున్న నాకు తెలుసు.

భాష గురించి ఒక మాట. ఇంట్లో వీళ్ళు మాట్లాడుకునేది ఆదివాసీ ఒడియా. చీటీ మాత్రం తెలుగులో ఉంటుంది, ఎందుకంటే ఇద్దరికీ బళ్ళో చెయ్యి తిరిగింది ఆ రాతలోనే. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో 8 గిరిజన భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టినప్పుడు ఆదివాసీ ఒడియా కూడా వాటిలో చేరింది. ఆ వాచకాలు ఆమె ఇప్పుడు పాతపుస్తకాల్లో వెతుకుతోంది. అమ్మమ్మ మాటలు ఓ నోటుబుక్కులో తెలుగు అక్షరాలతో రాసుకోవడం ఆమెకు సరదా. ఆ నోటుబుక్కుకి టీక రాసే చదువు నాకు లేదు.

ఛందస్సు వచనం. ‘ఎత్తెయ్’ దగ్గర కనపడే ఖాళీని యతి అనుకోరాదు. అక్కడ పెన్ను రాయలేదు.

‘గింజలు’ – విశేషం

పండు కోసిన రోజే తొక్క తీసి, రాత్రంతా ఊరనిచ్చి, జిగురు వదిలాక కడిగి ఎండేస్తారు. ఆరు కిలోల పండు కోస్తే చివరికి మిగిలేది కిలో గింజ. తిప్పకపోతే అడుగుపొరకి బూజు పడుతుంది. బూజు పట్టిన గింజకి రుచీ ఉండదు, రేటూ ఉండదు. ప్యారిస్‌లో 2017లో దుకాణం తెరిపించిన కాఫీ ఇది, 2019లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న కాఫీ ఇది. అయినా పెరట్లో దాన్ని కాపాడేది ఒక అరచెయ్యే. అతను గింజ పంటికింద పెట్టి కొరికి చూస్తాడు. మెత్తగా నొక్కుకుంటే ఇంకో రెండు ఎండలు కావాలి, టప్పున విరిగితే బస్తాకెత్తొచ్చు.

‘మబ్బేస్తే’ – విశేషం

ఇది చేదర్థకం. కాఫీ ఆరే నవంబరు, డిసెంబరు నెలలే బంగాళాఖాతంలో వాయుగుండాలు లేచే నెలలు కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు అతను ఎనిమిదో తరగతి. కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు వాళ్ళ తోటలో వరసగా పడిపోవడం కళ్ళారా చూశాడు. అందుకని ఈ ఇంట ‘మబ్బు’ అంటే కావ్యాల్లోని మేఘుడు కాడు. కబుర్లు మోసుకెళ్ళడానికి రాడు, గింజలు తడపడానికి వస్తాడు.

‘నా పుస్తకం’ – విశేషం

షష్ఠీ విభక్తి బలంగా పడిన చోటు. 2000 జనవరిలో వచ్చిన జీవో నంబర్ 3 ప్రకారం ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఉండేవి. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ ప్రకటన వచ్చింది. ఆమె రాసింది, కొద్దిలో పోయింది. మరుసటి వారం నుంచి మళ్ళీ తెల్లారగట్ల నాలుగింటికి గోడ అవతల చదువు వినపడసాగింది. మబ్బు మీద అతనికెంత అధికారమో, ప్రకటన మీద ఆమెకూ అంతే. ఇద్దరూ ఎండ కోసం చూసేవాళ్ళే.

గ్లాసు గుర్తు పడిన పుట నేను చూశాను. శిశువికాసం అధ్యాయంలో పియాజే ప్రయోగం అది. పిల్లవాడి ముందు వెడల్పు గ్లాసులోని నీళ్ళు సన్నటి పొడుగు గ్లాసులోకి పోస్తారు. మట్టం పైకి లేచింది కాబట్టి నీళ్ళు పెరిగాయంటాడు వాడు. దీన్ని పదిలపరచుకునే భావన లేకపోవడం అంటారట. సరిగ్గా ఆ గ్లాసు బొమ్మల చుట్టూ ఓ గోధుమరంగు వలయం. గ్లాసు గురించిన పాఠం మీద గ్లాసు పెట్టడం అలంకారమా, అపచారమా అని అడిగాను. “మాస్టారూ, రెండు మార్కుల ప్రశ్న అది,” అందామె.

‘మోరి అటక మీద లేదు’ – శంక, సమాధానం

ఇది గ్రంథంలోకెల్లా కఠినమైన చోటు. మోరి ఊదడం అతని సరదా. పెళ్ళిళ్ళకీ పండగలకీ థింసా జట్టు పిలిస్తే వెళ్ళేవాడు. ఆమె చదువు మొదలైన రోజున ఎవరూ చెప్పకుండానే దాన్ని అటకెక్కించాడు.

శంక: ఎక్కడ లేదో చెప్పి, ఎక్కడుందో చెప్పకపోవడం దోషం కాదా?

పూర్వపక్షం ఒకటి: ఎవరికో అరువిచ్చింది. రెండు: విసుగొచ్చి దాచేసింది. ఈ రెండో పక్షం మా ఇంటావిడది.

సిద్ధాంతం: ఆ సాయంత్రం మూడున్నరకే కొండ మీంచి మబ్బు దిగింది. అతను పెరట్లోకి పరుగెత్తి టార్పాలిన్ అంచులు మడవబోయాడు. మూలన మడత కింద ఆమె పాత తువ్వాల్లో చుట్టి మోరి ఉంది. అయిదో వాక్యానికి జవాబు మూడో వాక్యంలో ఉందన్నమాట. చెప్పిన పని చేసినవాడికే అర్థం దొరికే కావ్యం ఇది. గింజలన్నీ లోపలికి చేరాక, ఏడాదిగా ఊదని మోరి ముందు గీరగా మూలిగి తరవాత దారికొచ్చింది. గోడ అవతల చదివే మనిషి ఆ పూట లేదు కదా. అందుకే ఆ రోజును ఎంచుకుంది.

తాత్పర్యం

భార్య భర్తకు మూడు పనులూ రెండు సమాచారాలూ చెప్పెను. ఇంతే వాచ్యార్థం. ఇందులో ప్రేమ అనే మాట లేదు కాబట్టి ఆ వస్తువు కూడా తక్కువేననే విమర్శకులు, గ్లాసు మారగానే నీళ్ళు తగ్గాయనే పిల్లవాడి దశ దాటనివాళ్ళు. గ్లాసు ఇరుకైనది; చీటీ కాలెండరు కాగితంలో పావువంతు.

ప్రతి యొక్క స్థితి

రాత్రి ఆఖరి బస్సుకి ఆమె దిగింది. మర్నాడు మూలప్రతి చూసి సరిపోల్చుకుందామని వెళ్ళాను. చీటీ వెనక అతని రాత: ‘తిప్పాను. పుస్తకం మీద గ్లాసు పెట్టలేదు.’

నిజమే, పెట్టలేదు. చీటీ మీద పెట్టాడు. గోధుమరంగు వలయంలో అయిదో వాక్యం అలికిపోయి ‘మోరి’ దాకానే మిగిలింది. ఇక ముందు వచ్చే వ్యాఖ్యాతలు అక్కడ ఏముండేదని కొట్టుకుంటారు.