పెనం మీద నీళ్లు

స్క్విడ్ స్టేక్ అని పేరు పెట్టి ప్యాకెట్లో అమ్ముతున్న ఆ తెల్లటి పలకని పెనం మీద వేసి చూడండి. వేగదు. ముందు నీళ్లు వదులుతుంది. ఆ నీళ్లలోనే ఉడుకుతుంది. అరచేయంత ముక్క ముడుచుకుని ముడుచుకుని సగమవుతుంది. నీళ్లు ఇగిరి నూనె చిటపటలాడే వేళకి ముక్క కాస్తా రబ్బరులా సాగుతుంది. ఇంటిల్లిపాదీ కాసేపు నమిలి, స్క్విడ్డంటే ఇంతేనేమో అనుకుని కంచం పక్కన పెట్టేస్తారు. ఇంతే కాదమ్మా! మంచి సరుకుని ఇలా చెడగొట్టి, నింద దాని మీదే వేస్తుంటే నేను ఊరుకోలేకపోతున్నాను.

నేను విశాఖపట్నంలో రొయ్యలూ చేపలూ గడ్డకట్టించి ఎగుమతి చేసే ఫ్యాక్టరీలో పనిచేశాను. 1980లలో మాట. మా షెడ్డులో పొడుగాటి బల్లలకి అటూ ఇటూ ఆడవాళ్లు నిలబడి, మోచేతుల దాకా చేతులు ఐసు నీళ్లలో పెట్టి స్క్విడ్డు ఒలిచేవారు. చాలామంది జాలరి కుటుంబాలవాళ్లే. చెయ్యి పెడితే చాలు, ఏది ఇవాళ పట్టిందో ఏది ఐసులో నాలుగు రోజులు మగ్గిందో చెప్పేసేవారు. కిలోకి పది లోపు తూగేవి ఒక గ్రేడు, పది నుంచి ఇరవై ఒక గ్రేడు, ఇరవై నుంచి నలభై ఇంకో గ్రేడు. ఏరి, కడిగి, ట్రేల్లో పేర్చి, మైనస్ 40 డిగ్రీల ప్లేట్ ఫ్రీజర్లోకి తోసేవాళ్లం. పెద్దవీ మచ్చలేనివీ స్పెయిన్‌కి, ఇటలీకి, జపాన్‌కి వెళ్లేవి. తోలు చిరిగినవీ తలలూ మా ఇళ్లకి వచ్చేవి. ఆ తలల కూర రుచి ఇప్పటి ప్యాకెట్లలో ఎక్కడా లేదు.

అంతకు ముందు తరంలో స్క్విడ్డుకి విలువే లేదని పెద్దవాళ్లు చెప్పేవారు. రొయ్యల కోసం వల లాగే బోట్లకి అది అడ్డు సరుకు. కొంత గేలానికి ఎర అయ్యేది, కొంత తిరిగి నీళ్లలోకి పోయేది. విదేశాల గిరాకీ తగిలాకే దానికి బుట్టా ఐసూ దక్కాయి. ఊళ్లో మధ్యతరగతి ఇళ్లు దాని వంక చూడనైనా చూడలేదు. వంజరం, చందువా, రొయ్య, పీత, అంతే వాళ్లకి చేపల మార్కెట్టంటే. ఇప్పుడు ఆ ఇళ్ల పిల్లలే హోటల్లో కాలమారి అని అడిగి తింటున్నారు. తినడం మొదలెట్టినందుకు సంతోషమే. తినేదేమిటో తెలుసుకోవడం మాత్రం ఇంకా మొదలెట్టలేదు.

మా కోడలు బాగా చదువుకున్న పిల్ల, వంటంటే సరదా ఉన్న పిల్ల. "అత్తయ్యా, స్క్విడ్ స్టేక్స్ తెప్పించాను, మీరు చేసిపెట్టరా" అంది. ప్యాకెట్ తిప్పి చూశాను. వెనకవైపు చిన్న అక్షరాల్లో ఫాస్ఫేట్ అని రాసి ఉంది. నాకు అర్థమైపోయింది. ఆ లవణం కలిపిన నీళ్లలో నానబెడితే మాంసం నీళ్లు పీల్చుకుని పట్టి ఉంచుతుంది. ముక్క బొద్దుగా నిగనిగలాడుతుంది, బరువు తూగుతుంది. పెనం ఎక్కగానే ఆ నీళ్లన్నీ బయటికొస్తాయి. మాంసం ధర పెట్టి నీళ్లు కొంటున్నాం. ఇందులో కోడలి తప్పేమీ లేదు. ఒక్క స్క్విడ్డునైనా ఒళ్లంతా ఉన్నదాన్ని ఆ పిల్ల చేత్తో పట్టుకునే అవకాశం ఎవరిచ్చారు?

గడ్డకట్టించడం పాపమని నేననను. నిజానికి ఒకసారి గడ్డకట్టి కరిగిన స్క్విడ్డు కాస్త మెత్తబడుతుంది కూడా. కరిగించి, నానబెట్టి, మళ్లీ గడ్డకట్టించి, ఆ పైన 'ఫ్రెష్' అని అమ్మడం దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తీరంలో మరబోట్ల వేట బందు. చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టిన నిషేధం అది. మే నెల నడి ఎండల్లో, కుప్పలుగా పోసి, 'నేటి సముద్రపు స్క్విడ్' అని బోర్డు పెడితే ఏ బోటు తెచ్చిందని అడగాలి కదా? ఎవరూ అడగరు. మా రోజుల్లో చేప కొనే ప్రతి ఇల్లాలూ అడిగేది. "ఏ బోటుదే? ఎప్పుడొచ్చింది?" అనే రెండు ప్రశ్నలు లేకుండా బేరమే మొదలయ్యేది కాదు.

బోట్లు కూడా మారాయి. ఒకప్పుడు తెల్లారగట్ల వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేవి. తర్వాత సోనా అనే మరబోట్లు ఐసు నింపుకుని రోజుల తరబడి సముద్రంలోనే ఉండడం మొదలైంది. వారం, పది రోజులు, ఇంకా ఎక్కువ కూడా ఉంటున్నాయి. మొదటి రోజు పట్టిందీ చివరి రోజు పట్టిందీ ఒకేసారి రేవులో దిగుతాయి. కొనేవాళ్లకి కన్ను ఉండాలి. తాజా స్క్విడ్డు తోలు మీద ఎర్రటి, గోధుమ రంగు చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి. అప్పుడే పట్టినదైతే ఆ చుక్కలు మన కళ్ల ముందే విచ్చుకుంటూ ముడుచుకుంటూ ఉంటాయి. ప్రాణం పోయాక కూడా కాసేపు ఆ ఆట ఆగదు. చుక్కలు చెదిరి, గులాబి రంగు కిందున్న తెల్లటి కండలోకి దిగిందంటే పాతది. కన్ను తేటగా ఉండాలి. వాసన సముద్రపు గాలి వాసనే అయ్యుండాలి. ముక్కు పక్కకి తిప్పుకోవలసి వస్తే లేచి వచ్చెయ్యండి. వీలైతే విశాఖ జాలరిపేట ఒడ్డుకి పొద్దున్నే వచ్చే ఫైబరు బోట్ల దగ్గర కొనండి. అవి ఏ రోజుకారోజు వచ్చేవి.

ఒలవడం చెబుతాను, వినండి. పది నిమిషాల పని. ఎడమ చేత్తో సంచిలా ఉండే ఒంటిని, కుడి చేత్తో తలని పట్టుకుని మెల్లగా లాగితే తలతో పాటు పేగులన్నీ వచ్చేస్తాయి. విసురుగా లాగితే సిరా సంచి పగిలి అంతా నల్లబడుతుంది. వెండి రంగులో సన్నగా మెరిసేది ఆ సిరా సంచే. లోపల వీపు వైపు పారదర్శకంగా, వంగే ముల్లు ఒకటి ఉంటుంది, దాన్ని పట్టి లాగెయ్యాలి. పైతోలుని బొటనవేలితో రుద్దితే పొరగా వస్తుంది. రెక్కల్ని పట్టి లాగితే ఇంకా సులువు. కళ్ల కింద అడ్డంగా కోసి, కాళ్ల గుత్తి మధ్యలో నొక్కితే గట్టి నల్ల ముక్కు బయటికి పొడుచుకొస్తుంది, దాన్ని తీసెయ్యాలి. అంతే.

అసలు సంగతి ఇక్కడుంది. పైతోలు తీశాం కదా, అయిపోయిందనుకుంటారు. ఆ కింద ఇంకా సన్నటి పొరలున్నాయి. సంచి లోపలివైపు కూడా ఒకటుంది. వేడి తగలగానే ముందు ముడుచుకునేవి అవే, ముక్కని చుట్టచుట్టేవీ అవే. అందుకని సంచిని ఒక పక్క నిలువునా కోసి, పుస్తకం తెరిచినట్టు తెరిచి, లోపలి పొరని కత్తి వీపుతో గీకాలి. తర్వాత లోపలివైపున ఏటవాలుగా గాట్లు పెట్టి, వాటికి అడ్డంగా మళ్లీ గాట్లు పెట్టాలి. కండలో సగం లోతు దాకా చాలు, తెగిపోకూడదు. ఆ పైన అప్పడాల కర్రతో నాలుగు దెబ్బలు, మెత్తగానే. కండ నారలు సంచి చుట్టూ వలయాల్లా ఉంటాయి కాబట్టి, వేగాక తినేటప్పుడు సంచి మూతి నుంచి తోక కొస వైపు నిలువుగా కోసుకోవాలి. అప్పుడు నార పొట్టిగా తెగుతుంది, పంటికి హాయిగా ఉంటుంది. హోటళ్లలో రింగులు రింగులుగా కోసేస్తారు. ఆ రింగులో నార పొడుగు పొడుగునా అలాగే ఉండిపోతుంది. నిమిషం ఎక్కువ వేయిస్తే ఇక సాగుడే.

స్టేక్ అంటే మందంగా ఉండాలని ఇప్పటివాళ్ల పట్టుదల. మన తీరంలో దొరికే స్క్విడ్డు చాలా మటుకు జానెడు లోపే. కండ పలచనే. దానికి లేని మందం తెప్పించబోయే ఈ నీళ్ల గొడవంతా. మందం కావాలా? కటిల్ ఫిష్ కొనండి. స్క్విడ్డుకి దగ్గరి చుట్టమే, ఒళ్లు బొద్దు, వేలి మందం కండ. లోపల ముల్లు బదులు తెల్లటి బెండు పలక ఉంటుంది. ఆయుర్వేదం కొట్లో సముద్రపు నురుగు అని అమ్మేది, చిలకల పంజరంలో వేలాడదీసేది అదే. తాజా కటిల్ ఫిష్ పలక ముందు ఏ దేశపు స్టేకూ నిలవదు. దాన్ని ఎగుమతి చేసి, నీళ్లు తాగిన ముక్కలు మనం తింటున్నాం.

మా అమ్మాయి కాలిఫోర్నియాలో ఉంటుంది. అక్కడి కొట్లో వేలెడు మందం స్క్విడ్ స్టేక్ ఫొటో పంపి, "అమ్మా, మన దగ్గర ఇలాంటివి దొరకవేం?" అంది. దొరకవు, ఎందుకంటే ఆ జంతువే వేరు. అది పెరూ, చిలీ, మెక్సికో వైపు పసిఫిక్ సముద్రంలో తిరిగే హంబోల్ట్ స్క్విడ్డు. సంచి ఒక్కటే మీటరు దాటి పెరుగుతుంది, బరువు 50 కిలోల దాకా పోతుంది. కండలో అమోనియం క్లోరైడ్ ఉండి పుల్లచేదుగా ఉంటుంది కాబట్టి ఫ్యాక్టరీలో దాన్ని శుద్ధి చెయ్యక తప్పదు. అక్కడ స్టేకుని కొట్టి మెత్తబరిచే పద్ధతి అబలోనీ అనే సముద్రపు నత్త నుంచి వచ్చింది. మాంటెరీలో ఎర్నెస్ట్ డోల్టర్ అనే హోటలాయన ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అబలోనీని పలచగా కోసి, సుత్తితో కొట్టి, గుడ్డులో ముంచి, పొడి అద్ది, చిటికెలో వేయించి పెట్టి దానికి పేరు తెచ్చాడు. పట్టీ పట్టీ అబలోనీ తరిగిపోయింది. 1997లో కాలిఫోర్నియా దాని వాణిజ్య వేటని మూసేసింది. స్క్విడ్డు పలక ఆ చోటుకొచ్చింది. అక్కడి పాతకాలంవాళ్లకీ తెలుసు, ఈ రకం కండని కొట్టాలి, చిటికెలో దించాలి అని. మందం చూసి మురిసిపోవడం వాళ్లూ ఈమధ్యే నేర్చుకున్నట్టున్నారు.

ఇక వండడం. స్క్విడ్డుకి రెండే దారులు. రెండు నిమిషాల లోపు, లేదంటే నలభై నిమిషాల పైన. వేడి తగిలిన కొద్దిసేపటికే కండ బిగుసుకుని నీరు పిండేస్తుంది. ఆ తర్వాత చాలాసేపు సన్నసెగ మీద ఉంటేనే లోపలి గట్టి పొరలు కరిగి జిగురై మళ్లీ మెత్తబడుతుంది. మధ్యలో ఏది దించినా చెడినట్టే. ఇప్పుడు ఫోన్లో వంటలు చూపించేవాళ్లు సరిగ్గా పదిహేను నిమిషాలంటారు! రాత్రంతా నిమ్మరసంలో, బొప్పాయి గుజ్జులో నానబెట్టమంటారు. బొప్పాయి పైపైన కండని జావ చేస్తుంది, నిమ్మరసం పైపొరని ముందే బిగదీస్తుంది. పైన జావ, లోపల బిగువు. ఎవరికి కావాలి ఆ ముక్క?

మా పద్ధతి ఇది. పలకలని గుడ్డతో ఒత్తి తడి లేకుండా చెయ్యాలి. పసుపు, కారం, దంచిన మిరియాలు, అల్లంవెల్లుల్లి కాస్తే, చెంచాడు నూనె. ఉప్పు మాత్రం పెనం ఎక్కించే ముందే, లేకపోతే అదే నీరు లాగేస్తుంది. ఇనప పెనం పొగ రేగేదాకా కాలాలి. ఒకేసారి రెండు పలకలకి మించి వెయ్యకూడదు, వేస్తే పెనం చల్లబడిపోతుంది. వేసిన వెంటనే అట్లకాడతో అదిమి పట్టాలి. మన స్క్విడ్డుకి ఒక్కో వైపు ముప్పావు నిమిషం, కండ మందం కాబట్టి కటిల్ ఫిష్‌కి నిమిషన్నర. గాట్లు విచ్చుకుని అంచులు ఎర్రబడగానే దించెయ్యాలి. కరివేపాకు వేయించి పైన పోసి, అప్పుడు పిండండి నిమ్మకాయ. నాన్‌స్టిక్ పెనాన్ని అంత వేడి చెయ్యకూడదంటారు. అయితే ఈ వంటకి అది పనికిరానట్టే, పక్కన పెట్టండి.

కోడలికి అలాగే చేసి చూపించాను, ప్యాకెట్ ముక్కలతో కాదు, మర్నాడు మనవణ్ణి వెంటబెట్టుకెళ్లి ఒడ్డున కొన్న స్క్విడ్డుతో. వాడు చుక్కలు ఆడుతుంటే చూసి, "నానమ్మా, ఇది ఇంకా బతికే ఉందా?" అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత తనే ముల్లు లాగాడు. పదకొండేళ్లవాడికి పది నిమిషాల్లో వచ్చిన పని పెద్దవాళ్లకి ఎందుకు రాదు?

తలలూ కాళ్లూ పారేస్తున్నారు, అది నాకు అన్నిటికన్నా బాధ. రుచంతా అక్కడుంది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, టమాటా వేసి, కొంచెం చింతపండు పులుసు పోసి, మూత పెట్టి ముప్పావుగంట సన్నసెగ మీద ఇగరనిస్తే కాళ్లు నోట్లో కరుగుతాయి. సిరా సంచి పగలకుండా తీసుంటే చివర్లో ఒకటి పిండండి. కూర నల్లబడుతుంది, భయపడకండి. స్పెయిన్‌వాళ్లు ఆ నల్లటి రసంతోనే అన్నం వండుకు తింటారు. మార్కెట్లో ఒలిచి ఇచ్చే ఆవిడ తలలన్నీ పక్క తట్టలోకి విసిరేస్తుంటుంది. డబ్బిచ్చింది మొత్తం స్క్విడ్డుకి. "తలలూ కాళ్లూ నా సంచిలోనే వెయ్యమ్మా" అని ముందే చెప్పండి.