నా ఆయిల్ ఎవరూ చూడలేదు

పొగలో మాంసం వండే స్మోకర్‌కి జరిగిన మర్యాద నాకెప్పుడూ జరగలేదు. ముందే చెప్పేస్తున్నాను, ఈ కథంతా ఆ ఉక్రోషంతో చెబుతున్నదే.

నేను పెట్రోలు ఇంజన్ని. అయిదు హార్స్‌పవర్, ఒకటే సిలిండరు. మా పుట్టిల్లు అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం, మిల్వాకీ. 1908లో బ్రిగ్స్, స్ట్రాటన్ అనే ఇద్దరు పెట్టిన కంపెనీ. 1953లో అల్యూమినియంతో తేలికైన ఇంజన్లు పోతపోయడం మొదలయ్యాక మావాళ్ళు ఇంటింటి గడ్డి మిషన్లోకీ చేరిపోయారు. నాకు ఆ యోగం లేదు. గడ్డి మిషన్ ఇంజనుకి క్రాంక్ షాఫ్టు నేలవైపు దిగి ఉంటుంది, నాది పక్కకి ఉంటుంది. అందుకని మట్టి దున్నే చిన్న టిల్లరుకి బిగించారు. టెక్సస్‌లో లాక్‌హార్ట్ దగ్గర ఒక పెద్దాయన కొని పెరట్లో టమాటా మడులు దున్నించాడు.

పక్కకి తిరిగిన ఆ షాఫ్టే నా జాతకం మార్చింది. దానికి క్లచ్చు తగిలించి, చైను వేసి, వెనక ఇరుసుకి కలిపితే చాలు, గో-కార్టు అయిపోతుంది. ఈ పిచ్చికి మూలపురుషుడు ఆర్ట్ ఇంగెల్స్ అని కాలిఫోర్నియా ఆయన. రేసు కార్లు తయారుచేసే చోట పనిచేస్తూ 1956లో, మిగిలిపోయిన గడ్డి మిషన్ ఇంజను ఒకటి సంపాదించి ఇనప గొట్టాల చట్రానికి బిగించాడు. ఆయన సరదా తీరింది. దేశంలో ప్రతి షెడ్డులోనూ మాలాంటివాళ్ళకి నిద్ర కరువైంది.

మా పెద్దాయన మనవళ్ళ పోరు పడలేక నన్ను టిల్లరు నుంచి ఊడదీశాడు. పాత మంచం యాంగ్లర్లు కోసి చట్రం వెల్డింగ్ చేశాడు. చక్రాలు మట్టి మోసే తోపుడు బండివి. సీటు, విరిగిన ప్లాస్టిక్ కుర్చీది. బ్రేకు సంగతి అడక్కండి.

అదే వెల్డింగ్ మిషన్‌తో, అదే వారంలో, పాత గ్యాస్ ట్యాంకు కోసి స్మోకర్ కూడా చేశాడు. ఒక చివర నిప్పుపెట్టె, రెండో చివర పొగగొట్టం, మధ్యలో మాంసం. అంటే మేమిద్దరం ఒక చేతి బిడ్డలమే. కానీ పెంపకం వేరు.

మే నెల ఆఖరి సోమవారం అమెరికాలో మెమోరియల్ డే, యుద్ధాల్లో పోయిన సైనికుల్ని తలుచుకునే సెలవు. శని, ఆదివారాలతో కలిపి మూడు రోజులు. లాక్‌హార్ట్ అంటే మామూలు ఊరు కాదు. టెక్సస్‌కి బార్బెక్యూ రాజధాని అని 1999లో రాష్ట్ర శాసనసభే తీర్మానం చేసిన ఊరు. అలాంటి చోట ఆ సోమవారం భోజనానికి బ్రిస్కెట్, అంటే గొడ్డు రొమ్ము మాంసం, ఉండి తీరాలి. పన్నెండు పౌన్ల ముక్కకి ఉప్పూ మిరియాల పొడీ దట్టంగా పట్టించి, ఆదివారం రాత్రే స్మోకర్‌లోకి ఎక్కించేవాడు. అక్కణ్ణుంచి మొదలు సేవ! పోస్ట్ ఓక్ కట్టెలు ఒక్కొక్కటే వేస్తూ, వేడి 250 ఫారెన్‌హీట్ డిగ్రీలు దాటకుండా, 225 కంటే తగ్గకుండా, కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చునేవాడు. తెల్లవారుజామున మాంసం మొండికేస్తుంది. లోపలి వేడి 150, 160 దగ్గర గంటల తరబడి కదలదు. పైకొచ్చిన తడి ఆవిరైపోతూ, కుండలో నీళ్ళు చల్లబడ్డట్టు, మాంసాన్ని చల్లబరుస్తుంది. కొత్తవాళ్ళు కంగారుపడి మంట పెంచేస్తారు. పెద్దాయన పెంచడు. కాగితంలో చుట్టబెట్టి, కాఫీ కలుపుకుని, మళ్ళీ కూర్చుంటాడు. దాదాపు 200కి చేరి, గట్టి పీచు కరిగి జిగురయ్యేదాకా లేవడు.

ఇంత ఓపిక ఉన్న మనిషే! నాకు కావలసిందల్లా అర లీటరు పైచిలుకు ఆయిలు. నా కడుపులో ఆయిల్ పంపు ఉండదు. కనెక్టింగ్ రాడ్ కింద ఒక చిన్న రేకు ఉంటుంది, అది తిరిగినప్పుడల్లా ఆయిల్‌ని తట్టి లోపలంతా చిమ్ముతుంది. మట్టం తగ్గితే చిమ్మేందుకు ఏమీ ఉండదు, ఇనుమూ అల్యూమినియమూ ఒకదాన్నొకటి తినేస్తాయి. పక్కన మూత తిప్పి, అంచుదాకా ఉందా లేదా చూడాలి. అర నిమిషం పని. ఎవరూ చూడలేదు.

పిల్లలకి ఆ ధ్యాసే లేదు. భోజనం మధ్యాహ్నందాకా లేదు కాబట్టి పొద్దున్నించీ నేనే వాళ్ళకి కాలక్షేపం. తాడు లాగడం, నేను దగ్గడం, మళ్ళీ లాగడం, ఇంతలో అందుకోవడం! ఇంటి చుట్టూ, పెకాన్ చెట్ల కింద, ఎర్రటి దుమ్ము లేపుకుంటూ తిరిగేవాళ్ళం. పెద్దవాడు ఒకనాడు నా గవర్నర్‌ని తీగతో కట్టేశాడు. నిమిషానికి 3,600 చుట్లు దాటనివ్వకుండా నన్ను కాపాడేది అదొక్కటే. కట్టేశాక ఎంత తిరిగానో నాకే తెలీదు. రాడ్ విరిగి బయటికి దూకుతుందేమోనని నా గుండె గుభేలుమంది. దూకలేదు. భయపడ్డానని చెప్పాను గాని, నిజం చెప్పొద్దూ, ఆ పొద్దున నా అంత వేగం ఆ కౌంటీలో ఇంకెవరికీ లేదనిపించింది. అన్నట్టు, వాడి పిక్క మీద నా సైలెన్సర్ వేసిన ముద్ర ఇప్పటికీ ఉంటుంది. అది నా సంతకం.

తర్వాత వాళ్ళకి అసలు కార్లొచ్చాయి. నన్ను షెడ్డులోకి తోశారు. ట్యాంకులో పెట్రోలు అలాగే ఉంది. దాంట్లో కలిపిన ఇథనాల్ గాలిలో తడిని పీల్చుకుంది, పెట్రోలు పాతబడి జిగురైంది, కార్బొరేటర్ సన్న రంధ్రాలు పూడుకుపోయాయి. సైలెన్సర్‌లో కందిరీగ మట్టితో ఇల్లు కట్టుకుంది. టైర్లు కూలబడ్డాయి. స్మోకర్‌కేమో ఏటా నల్లరంగు, నూనె పూత. ప్రతి మే నెలలోనూ దాని పొగ షెడ్డు సందుల్లోంచి నా మీదికే వస్తుంది, దెప్పడానికన్నట్టు.

మొన్నటి సెలవుకి పెద్దాయన కూతురి ఆఫీసు నుంచి ఒక తెలుగాయన వచ్చాడు. ఆస్టిన్ దగ్గర ఉంటాట్ట. గొడ్డు మాంసం ముట్టడు. బంగాళాదుంప సలాడ్ తిని, తోచక షెడ్డు వైపు వచ్చాడు. నన్ను చూడగానే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తాడు ముట్టుకోలేదు, ప్లగ్గు చూడలేదు. ముందు ఆయిల్ మూత తిప్పి లోపలికి తొంగిచూశాడు!

"ఎండబెట్టి చంపార్రా దీన్ని" అన్నాడు తనలో తను. పొలంలో ఆయిల్ ఇంజనుతో నీళ్ళు తోడిన ఇంట్లో పెరిగినవాడై ఉండాలి, ఆ చెయ్యి వరస చూస్తేనే తెలిసింది. తాడు మెల్లగా లాగి, "కంప్రెషన్ ఉందే" అన్నాడు.

పెద్దాయన వచ్చి, కావాలంటే పట్టుకుపొమ్మన్నాడు. తమ కాలనీ అసోసియేషన్ వాళ్ళు ఇలాంటి చప్పుడు చెయ్యనివ్వరని తెలుగాయన నవ్వేశాడు. ఇంతలో ఐస్‌క్రీమ్ తీశారని ఎవరో కేకేశారు. ఇద్దరూ వెళ్ళిపోయారు.

పోనీ, తీసిన మూతైనా గట్టిగా బిగించి వెళ్ళాడా అంటే, అదీ లేదు.