టికెట్ వైరాగ్యం

పెద్దలు మనకు మూడు వైరాగ్యాలు చెప్పారు. పురాణం వింటున్నంతసేపూ ఉండేది పురాణ వైరాగ్యం, కాటి దగ్గర కలిగేది శ్మశాన వైరాగ్యం, పురుటి నొప్పుల్లో పుట్టేది ప్రసూతి వైరాగ్యం. నాలుగోది 2022 నవంబర్ 9న గుజరాత్‌లో బయటపడింది. టికెట్ వైరాగ్యం.

ఆ ఒక్కరోజే మాజీ ముఖ్యమంత్రి విజయ్ రూపాణీ, మాజీ ఉపముఖ్యమంత్రి నితిన్ పటేల్, మాజీ మంత్రులు భూపేంద్రసింహ్ చూడాసమా, ప్రదీప్‌సింహ్ జడేజా తాము అసెంబ్లీ ఎన్నికల్లో పోటీ చేయబోమని ప్రకటించారు. కొత్తవాళ్లకు అవకాశం రావాలట. మర్నాడే బీజేపీ 160 మంది పేర్లతో తొలి జాబితా ప్రకటించింది. జాబితాకూ వైరాగ్యానికీ మధ్య ఒక్క రాత్రే అడ్డం.

వీరిలో చూడాసమాది ప్రత్యేక ప్రస్థానం. 2017లో ధోల్కాలో 327 ఓట్ల తేడాతో గట్టెక్కారు. 2020 మేలో గుజరాత్ హైకోర్టు ఆ ఎన్నిక చెల్లదంది. కొత్తవాళ్లకు అవకాశమివ్వడానికి అంతకంటే మంచి ముహూర్తం ఉంటుందా? ఆయన మాత్రం సుప్రీంకోర్టుకు వెళ్లారు, స్టే వచ్చింది, కుర్చీ నిలిచింది. కోర్టు తీర్పు కలిగించలేని వైరాగ్యాన్ని రెండేళ్ల తర్వాత ఒక జాబితా కలిగించింది.

పార్టీ అభ్యర్థుల్ని మార్చకూడదని ఎవరూ అనరు. మార్చింది, 182లో 156 గెలిచింది. మార్చినవాళ్లు మార్చామని చెబితే సరిపోయేది. తీసేసినవాళ్ల చేత త్యాగం చేశామని చెప్పించడం దేనికి? పైగా ఆ త్యాగ విన్నపం చేరేది పార్టీ రాష్ట్ర అధ్యక్షుడి బల్ల మీదికి. ఐదేళ్లకోసారి ఇంటింటికీ తిరిగి వాళ్లు దండం పెట్టిన ఓటరుకు ఆ కబురు మర్నాడు పేపర్లో తెలుస్తుంది.

అప్పటి ఆ అధ్యక్షుడు సూరత్‌లో స్థిరపడ్డ సీఆర్ పాటిల్. ఆ ఊళ్లో ఈ విద్య ఇంకా పదును తేలింది. నగరాన్ని ఆనుకున్న చోర్యాసీలో 2017లో లక్షకు పైగా మెజారిటీతో గెలిచిన ఝంఖనా పటేల్‌కు 2022లో టికెట్ దక్కలేదు. సూరత్ ఈస్ట్‌లో ఆమ్ ఆద్మీ అభ్యర్థి కంచన్ జరీవాలా నామినేషనే వెనక్కి తీసుకున్నారు. ఎత్తుకుపోయారని ఆయన పార్టీ గగ్గోలు పెట్టింది, నా ఇష్టంతోనే అని ఆయన చెప్పారు. వైరాగ్యం అంటువ్యాధిలా ప్రతిపక్షానికీ పాకిందన్నమాట!

2024 లోక్‌సభ ఎన్నికలకు అది పరాకాష్ఠకు చేరింది. సూరత్‌లో కాంగ్రెస్ అభ్యర్థి నీలేశ్ కుంభానీని ప్రతిపాదించినవాళ్లు ఆ సంతకాలు మావి కావన్నారు, నామినేషన్ పోయింది. మిగతా ఎనిమిది మందీ తప్పుకున్నారు. ఏప్రిల్ 22న బీజేపీ అభ్యర్థి ముకేశ్ దలాల్ ఏకగ్రీవం. ఈసారి ఓటర్లకే సన్యాసం ఇప్పించారు. లింబాయత్, ఉధ్నాల్లో మగ్గాలు నడిపే మన తెలుగువాళ్లు నయం. ఆ పేటలు నవసారి లోక్‌సభ పరిధిలోకి వస్తాయి కాబట్టి వేలికి సిరా అంటింది.

మన తెలుగు నాయకులు ఇలాంటి విన్నపాల జోలికి పోరు. వాళ్ల వైరాగ్యం ఇల్లు దాటదు. 2024లో మచిలీపట్నంలో పేర్ని నాని, చంద్రగిరిలో చెవిరెడ్డి భాస్కర్ రెడ్డి, తిరుపతిలో భూమన కరుణాకర్ రెడ్డి తమ సీట్లలో కొడుకుల్ని నిలబెట్టారు. ముగ్గురు కొడుకులూ ఓడారు. అదే ఏడు తునిలో యనమల రామకృష్ణుడి కూతురు దివ్య, విజయనగరంలో అశోక్ గజపతిరాజు కూతురు అదితి గెలిచారు. అందులో దాపరికమైనా లేదు.

మళ్లీ సూరత్‌కే వద్దాం. దలాల్‌కు ఇచ్చిన ఆ సీటు దర్శనా జర్దోష్‌ది. 2009, 2014, 2019ల్లో వరసగా గెలిచారు, చివరిసారి మెజారిటీ ఐదు లక్షలు దాటింది, కేంద్రంలో సహాయమంత్రి కూడా. మూడుసార్లయింది కదా, ఇక చాలనుకుంది కాబోలు పార్టీ. పక్కనే నవసారిలో సరిగ్గా అవే మూడు ఎన్నికలు గెలిచిన మరో పెద్దమనిషి ఉన్నారు. ఆయనకు మాత్రం వైరాగ్యం సోకలేదు. నాలుగోసారి నిలబడి, 7.73 లక్షల మెజారిటీతో గెలిచి, కేంద్ర జలశక్తి మంత్రి అయ్యారు. ఆయన పేరు సీఆర్ పాటిల్.